మొహమాటం మిషను

మా తమ్ముడు సూర్యప్రకాశానికి ఉన్న జబ్బు పేరు మొహమాటం. మా కోనసీమలో అది లేని మనిషి ఉండడనుకోండి, కానీ వీడికి మరీ ముదిరిపోయింది. ఇంటికొచ్చినవాళ్ళు పడక్కుర్చీ బాగుందంటే చాలు, దాన్ని వాళ్ళ రిక్షాలో ఎక్కించేదాకా వీడికి అన్నం సయించదు. నేను అలా కాదు. రిటైరయ్యేదాకా అమలాపురంలో పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. నా దగ్గర రెండంటే రెండే, వద్దంటే వద్దే. అందుకే వాడింటికి చుట్టాలెక్కువ, నా ఇంట్లో నిద్రెక్కువ.

రెండువేల ఒకటిలో వాడి కూతురు సహస్రకి పెళ్ళి కుదిరింది. సహస్ర చిన్నప్పట్నుంచీ నా చేతి కింద లెక్కలు నేర్చుకున్న పిల్ల. ఎమ్మెస్సీ చదివి, మా ఊరికి దగ్గర్లోనే కొబ్బరి పరిశోధన కేంద్రంలో ఉద్యోగం సంపాదించుకుంది. కొబ్బరికి నల్లి పట్టి, కాయలన్నీ గజ్జి లేచినట్టయిపోయి, రైతులు నెత్తిన చేతులు పెట్టుకున్న రోజులవి. ఈ పిల్ల పొద్దున్నే లూనా మీద వెళ్ళి, సాయంత్రందాకా మైక్రోస్కోపులో తల పెట్టి, కంటికి కనపడని ఆ పురుగుల్ని లెక్కపెట్టి వచ్చేది. భోజనాల దగ్గర వాటి కబుర్లే చెప్పేది. "అన్నం ముందు పురుగుల గోలేంటే" అని వాళ్ళ నాన్న విసుక్కుంటే, "ఎంత అందంగా ఉంటాయో చూస్తే మీరూ ఇదే గోల పెడతారు నాన్నా" అనేది. ఆ ఉద్యోగం దానికి జీతం కోసం కాదు, ప్రాణం. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు.

పెళ్ళికొడుకు ఫణీంద్ర అమలాపురంలోనే కాలేజీ లెక్చరరు. వాళ్ళది పెద్దాపురం. తండ్రి లేడు, తల్లి నెమ్మదస్తురాలు, పెత్తనమంతా మేనమామ సోమయాజులుగారిది. మాఘమాసంలో తాంబూలాలు పుచ్చుకున్నాం. పళ్ళేలు మార్చుకున్నాక సోమయాజులుగారు ఉత్తరీయం సర్దుకుని అన్నారు కదా, "మా ఇంటికొచ్చాక అమ్మాయి ఉద్యోగాలవీ చేసి కష్టపడక్కర్లేదండి బావగారూ."

మా తమ్ముడు ఊపిరి కూడా పీల్చలేదు. "అయ్యో, దానికేం భాగ్యమండీ, మీ మాట కంటేనా! మానిపించేద్దాం" అనేశాడు. అనేసి, లోపలికి తొంగిచూసి, "ఏమ్మా సహస్రా?" అన్నాడు.

గడప పక్కన నిలబడ్డ పిల్ల తల దించుకుని, "మీ ఇష్టం నాన్నా" అంది.

అయిపోయింది. ఆ రెండు మాటల్నీ అందరూ 'సరే' కింద జమ కట్టేసుకున్నారు. తర్వాత నేను తమ్ముణ్ణి వంటింటి వెనక్కి లాక్కెళ్ళి, "దాన్ని అడిగావుట్రా అసలు?" అని నిలదీశాను. "నీ ఎదురుగానే అడిగానుగా అక్కయ్యా, నా ఇష్టమే అంది" అన్నాడు. పిల్లనే అడుగుదామని వెళితే, "పర్వాలేదత్తయ్యా" అని నవ్వి, మంచినీళ్ళ చెంబు పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక వంటవాళ్ళ మీద కేకలేశాను.

ఇక మిషను సంగతి. సహస్ర అన్న ఉదయ్‌భాస్కర్ కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివి, అమలాపురంలో టీవీలూ ఇన్వర్టర్లూ బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. చేతిలో విద్య ఉంది, నోట్లో మాట లేదు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళలో వడ్డించే కుర్రాళ్ళు దొరకడం మానేశారు. నడుముకి తువ్వాలు బిగించి బంతి మొత్తం తిరిగేవాళ్ళంతా కంప్యూటరు కోర్సులంటూ హైదరాబాదు బస్సెక్కేశారు. బఫే పెట్టించమని అందరూ సలహా ఇచ్చారు. "మగపెళ్ళివారి చేతికి పళ్ళేలిచ్చి లైన్లో నిలబెడతామా? హవ్వ!" అని మా తమ్ముడు చెవులు మూసుకున్నాడు. అప్పుడు ఉదయ్ నోరు విప్పి, "నేను మిషను చేస్తాను నాన్నా" అన్నాడు.

చేశాడు కూడా. ఐస్‌క్రీం బండి అంత ఉంటుంది. నాలుగు రబ్బరు చక్రాలు, చుట్టూ స్టీలు గిన్నెలు, రెండు ఇనప చేతులు, చేతుల చివర గరిటెలు. కడుపులో ఒక పాత కంప్యూటరు, నెత్తిన ఒక మైకు. ఆకు ముందు ఆగుతుంది, అడుగుతుంది, మనిషి చెప్పిన మాట విని వడ్డిస్తుంది లేదా ముందుకు సాగుతుంది. అడిగేది నా గొంతుతో. నన్ను షాపులో కూర్చోబెట్టి "పులిహోర వెయ్యమంటారా అండి", "మంచిదండి" లాంటివన్నీ అనిపించి రికార్డు చేసుకున్నాడు.

"నా గొంతే ఎందుకురా?" అని అడిగాను.

"మైకు లేకపోయినా చివరి బంతిదాకా వినిపిస్తుంది కదత్తయ్యా" అన్నాడు వెధవ. అప్పట్నుంచి వీధిలో పిల్లలు దాన్ని ఇనపత్తయ్య అని పిలవడం మొదలెట్టారు.

తాంబూలాల నాటి భోజనాలే దానికి మొదటి పరీక్ష. సోమయాజులుగారు బంతి మొదట్లో కూర్చున్నారు. ఇనపత్తయ్య గిరగిరా వచ్చి, "బొబ్బట్టు వెయ్యమంటారా అండి?" అంది. ఆయన రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టి, "అబ్బెబ్బే, చాలండి చాలు" అన్నారు. అది "మంచిదండి" అని పక్కాకు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆయన చేతులు ఆకు మీద అలాగే ఉండిపోయాయి. బొబ్బట్టు వద్దని కాదు కదా ఆయన అన్నది! మొదటిసారి చాలంటాం, రెండోసారి అడుగుతారు, అప్పుడు "అరిగేట్టు లేదండి" అంటాం, మూడోసారి "మీరింతగా అంటుంటే" అని చేతులు తీస్తాం. పుట్టి బుద్ధెరిగిన ప్రతివాడికీ ఇది తెలుసు. ఆ ఇనప ముండకి తెలియదు. పక్కాయనా చాలన్నాడు, ఆ పక్కాయనా చాలన్నాడు, "మంచిదండి, మంచిదండి" అనుకుంటూ నా గొంతు బంతి చివరిదాకా వెళ్ళిపోయింది. పనసపొట్టు కూరా అంతే, గారెలూ అంతే. పెరుగు వచ్చేసరికి ఆకులన్నీ ఏకాదశి నాడు పరిచినట్టు పచ్చగా మెరుస్తున్నాయి. అందరూ చేతులు కడుక్కుని, "భోజనం అమోఘం బావగారూ" అని చెప్పి కారెక్కారు. రావులపాలెం దాటకుండానే హోటలు ముందు కారాపించి ఇడ్లీలు తిన్నారని డ్రైవరు చెప్పగా తెలిసింది. మిషను పెట్టి అవమానం చేశారని సోమయాజులుగారు అన్నట్టు కూడా తెలిసింది.

మా తమ్ముడు మంచం పట్టినంత పని చేశాడు. పెద్దాపురం వెళ్ళి, క్షమించమని బతిమాలి, పెళ్ళిలో మర్యాదకి ఏ లోటూ రానివ్వనని చెప్పి వచ్చాడు. "తీసుకెళ్ళి గోదాట్లో పారేయ్ దాన్ని" అని కొడుకు మీద విరుచుకుపడ్డాడు. వాడు మిషనుని షాపుకి తోసుకుపోయి, చాలు అన్న మాట దాని చెవికెక్కకుండా చేసి తెచ్చాడు.

ఈసారి పరీక్ష సత్యనారాయణ వ్రతం నాడు, మా పురోహితులు అవధానిగారి మీద జరిగింది. ఆయన చాలన్నారు, అది వేసింది. వద్దన్నారు, వేసింది. చెయ్యి అడ్డం పెడితే చేతి మీద నెయ్యి పోసింది. "మొహమాటపడకండి, మొహమాటపడకండి" అంటూ నా గొంతు ఒకటే ఊదర. ఆయన చివరికి ఆకు ఎత్తుకుని లేచి పందిట్లో పడ్డారు, అది వెనకాలే గరిటె ఎత్తుకుని పడింది. తులసికోట చుట్టూ ఇద్దరూ ప్రదక్షిణాలు చేశారు. ఉదయ్ పరిగెత్తి వైరు పీకాకగానీ ఆయనకి ఊపిరాడలేదు. నేను నవ్వలేక చచ్చాను. సహస్ర కూడా చాలా రోజులకి పడీపడీ నవ్వింది, అది చూసి నాకు కడుపు నిండింది.

దాంతో ఉదయ్‌కి పంతం పట్టుకుంది. భుజాన తువ్వాలు, తువ్వాలు కింద టేపు రికార్డరు పెట్టుకుని, పిలిచినా పిలవకపోయినా ముమ్మిడివరం నుంచి ముక్కామల దాకా ప్రతి పెళ్ళిబంతిలోనూ కూర్చున్నాడు. ఊరందరి చాలుల్నీ, వద్దుల్నీ, పర్వాలేదండీల్నీ పోగేసుకొచ్చాడు. తలుపులు వేసుకుని వాటిని వింటూ కూర్చున్నాడు. ఒకరోజు నన్ను షాపుకి పిలిచి మిషను ముందు నిలబెట్టాడు. దాని నెత్తిన కొత్తగా రెండు బల్బులున్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ.

"అత్తయ్యా, కాఫీ తాగుతావా?" అన్నాడు.

"వద్దు" అన్నాను. నేను వద్దంటే వద్దే కదా!

ఎర్రబల్బు వెలిగింది. "మొహమాటం అండి. ఇంకోసారి అడగండి" అంది మిషను, నా గొంతుతోనే.

"నోర్ముయ్" అన్నాను దానితో. పచ్చబల్బు వెలిగింది.

ఉదయ్ మొహం చాటంతయింది. "మాటని పట్టుకుంటే లాభం లేదత్తయ్యా. మాట కింద గొంతు ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. మాటా గొంతూ ఒకటైతే పచ్చ, కాకపోతే ఎరుపు. పక్కన నాన్నగారు నడుస్తారు. ఎరుపు వెలిగితే ఇంకోసారి బతిమాలతారు, పచ్చ వెలిగేదాకా. అప్పుడు ఊ అన్నారా వడ్డిస్తుంది, వద్దన్నారా ముందుకెళ్ళిపోతుంది."

"అయితే మనిషి మనసులో ఏముందో చెప్పేస్తుందన్నమాట."

"లేదు లేదు. మనసులో ఏముందో దానికేం తెలుసు? పైకి చెప్పిన మాట లోపలిది కాదని మాత్రమే తెలుస్తుంది. లోపల ఏముందో తెలియాలంటే మనమే ఇంకోసారి అడగాలి."

వాడు అంత పొడుగు మాట్లాడటం అదే మొదటిసారి. కాఫీ కూడా తెప్పించాడు, తాగాను.

మిషను ఇంటికొచ్చాక ఓ సంగతి గమనించాను. ఇంటిల్లిపాదీ దాని ముందుకెళ్ళి ఆడుకుంటున్నారు. పాలవాడూ, పక్కింటివాళ్ళూ, ఆఖరికి అవధానిగారు కూడా దూరంగా నిలబడి "నేను క్షేమమే" అని ఎర్రబల్బు వెలిగించుకుని వెళ్ళారు. సహస్ర మాత్రం అది హాల్లో ఉంటే పెరటి దారిన తిరిగేది. దాని ఎదుట నోరు తెరిచేది కాదు. పెళ్ళి సెలవు పెట్టానని అప్పటికి కొన్నాళ్ళుగా ఇంట్లోనే ఉంటోంది, పూలసజ్జలు కడుతోంది, అడిగినవాళ్ళందరికీ గోరింటాకు పెడుతోంది. ఉద్యోగం ఊసు ఎత్తితే నవ్వుతోంది. ఇంకా సమయముంది, వీళ్ళలో ఒక్కడైనా కళ్ళు తెరిస్తే ఆ ఉద్యోగం నిలబడుతుంది అనుకునేదాన్ని. ఎవడు తెరుస్తాడు? మా తమ్ముడు మగపెళ్ళివారి విడిదిలో దిండ్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

వైశాఖంలో పెళ్ళి. ముందురోజు పొద్దున్నే మగపెళ్ళివారు దిగారు. మధ్యాహ్నం కొబ్బరితోటలో తాటాకు పందిరి కింద భోజనాలు. సోమయాజులుగారు మిషనుని చూడగానే మొహం గంటు పెట్టుకుని కూర్చున్నారు. మా తమ్ముడు భయంతో చెమటలు కక్కుతూ దాని పక్కన నిలబడ్డాడు.

"బొబ్బట్టు వెయ్యమంటారా అండి?"

"అక్కర్లేదండి, చాలు."

ఎరుపు. "మొహమాటం అండి. ఇంకోసారి అడగండి."

"బావగారూ, నా మీద ఒట్టు, ఒక్కటి!" అన్నాడు మా తమ్ముడు.

"అరగదండి బాబూ, ఈ మధ్య తీపి మానేశాను."

ఎరుపు. మా తమ్ముడు చేతులు జోడించాడు. "మీరు తినకపోతే నా కూతురి పెళ్ళి జరిగినట్టే కాదు!"

"సర్లెండి, మీరింతగా అంటుంటే..."

పచ్చ. బొబ్బట్టు పడింది, దాని మీద నెయ్యి పడింది. సోమయాజులుగారి మొహంలో కూడా పచ్చబల్బు వెలిగినట్టయింది. ఆ తర్వాత ఇంక చూడాలి! గారెలకి బతిమాలించుకున్నారు, పులిహోరకి బతిమాలించుకున్నారు, మజ్జిగపులుసుకి కూడా బతిమాలించుకున్నారు. నిజంగా కడుపు నిండినవాడి దగ్గర అది ఒక్క మాటకే తప్పుకుంది, ఆకలున్నవాణ్ణి వదిలిపెట్టలేదు. బంతిలో ఒక్క మెతుకు పారేసిన ఆకు లేదు, ఒక్క అలిగిన మొహం లేదు. "ఇది మిషను కాదు బావగారూ, మా అమ్మమ్మ మళ్ళీ పుట్టింది!" అన్నారు సోమయాజులుగారు. మా తమ్ముడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉదయ్ ఎవరూ చూడకుండా మిషను వీపు నిమిరాడు.

కడుపు నిండితే ఆయనకి చమత్కారం పుడుతుందని అప్పుడు తెలిసింది. పెరుగన్నం కలుపుకుంటూ, "ఏదీ, మా కోడలిపిల్లని ఇలా పిలవండి. దాన్నీ ఈ అమ్మమ్మ ముందు నిలబెట్టి అడుగుదాం" అన్నారు. బంతి మొత్తం చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ళు సహస్రని నవ్వుతూ తోసుకొచ్చి మిషను ముందు నిలబెట్టారు. పిల్ల మొహం పాలిపోయింది.

"ఏమ్మా, ఉద్యోగం సద్యోగం మానేసి మా ఇంటికొచ్చి హాయిగా ఉండటం నీకిష్టమేనా?"

సహస్ర వాళ్ళ నాన్న వంక చూసింది. వాడు తల ఊపుతున్నాడు, చెప్పమ్మా చెప్పు అన్నట్టు.

"మీ ఇష్టమండి" అంది.

ఎర్రబల్బు భగ్గుమంది. "మొహమాటం అండి. ఇంకోసారి అడగండి."

హమ్మయ్య, ఇప్పటికైనా బయటపడింది అనుకున్నాను. నా పిచ్చిగానీ! సోమయాజులుగారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టారు.

"చూశారా, చూశారా! బొబ్బట్టు చాలంటే కావాలనేగా! మీ ఇష్టం అంటే నా ఇష్టమే అని! పెళ్ళికూతురికి ఆ మాత్రం సిగ్గుండదేంటండీ!"

అంతే, పందిరెగిరిపోయేలా నవ్వులు. మా తమ్ముడు అందరికంటే గట్టిగా నవ్వాడు, ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు. ఉదయ్ చేతులు ఊపుతూ, "అది కాదండి, దానర్థం అది కాదు, ఇంకోసారి..." అంటున్నాడు. వాడి గొంతు వాడికే వినపడలేదు. సహస్ర నవ్వలేదు. పెదవులు మాత్రం నవ్వినట్టు పెట్టుకుంది.

నాకు తిక్క రేగింది. ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను.

"ఆపండి!" అన్నాను. మైకు లేకపోయినా చివరి బంతిదాకా వినిపించింది. "అది మిమ్మల్ని నవ్వమన్నదా? అడగమంది! బొబ్బట్టుకి మూడుసార్లు బతిమాలించుకున్నారే, ఆడపిల్ల బతుక్కి ఒక్కసారి అడిగి లేచిపోతారా?"

"అక్కయ్యా, నీకు దణ్ణం పెడతాను, కూర్చో" అన్నాడు మా తమ్ముడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు నోర్ముయ్యిరా. సహస్రా, ఇలా చూడు. ఉద్యోగం మానడం నీకిష్టమేనా?"

"నాన్నగారు మాటిచ్చేశారు కదత్తయ్యా."

"నాన్న సంగతి అడగలేదు. నీకు ఇష్టమేనా?"

పిల్ల నన్ను చూసింది, మిషనుని చూసింది.

"లేదు. నాకిష్టం లేదు."

పచ్చ వెలిగింది.

మా తమ్ముడు కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. ఇంక పెళ్ళి పెటాకులే అని పందిట్లో అందరికీ అర్థమైపోయింది. అందరి చూపులూ సోమయాజులుగారి మీదే. ఆయన చేతిలో పెరుగన్నం ముద్ద అలాగే ఉంది. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఆయన లేవలేదు. ఆ ముద్ద ఆకులో పెట్టేసి, చాలా చిన్నగా అన్నారు.

"అసలు మానెయ్యమని మేమెప్పుడన్నామండీ?"

"మీరేగా! తాంబూలాల నాడు, ఉద్యోగం చెయ్యక్కర్లేదని!" అన్నాను.

"అయ్యో వదినగారూ, అది మర్యాదకి అన్న మాటండీ! కోడలి జీతం మీద కన్నేశారని మీరనుకుంటారేమోనని ఓ మాటన్నాను. 'అబ్బే, అదెలా కుదురుతుందండీ, అంత చదువుకున్న పిల్ల' అని మీరంటారు, 'సరే మీ ఇష్టం' అని మేమందాం అనుకున్నాం. బావగారు ఒక్క మాటకే ఠక్కున మానిపించేద్దాం అనేశారు! మీకే ఇష్టం లేదేమో, మనం మళ్ళీ ఎత్తడం బాగుండదని ఊరుకున్నాం."

పచ్చబల్బు స్థిరంగా వెలుగుతోంది. అందరం దాన్నే చూస్తున్నాం.

"నేను అప్పుడే అన్నానన్నయ్యా నీతో, పిల్ల మొహం చిన్నబోయిందని" అంది ఫణీంద్ర తల్లి. పచ్చ.

ఫణీంద్ర బంతిలోంచి లేచాడు. చెవులు ఎర్రబడిపోయి ఉన్నాయి. "మీరు ఉద్యోగం చేస్తారనే నేను ఈ సంబంధం ఒప్పుకున్నానండి" అన్నాడు తిన్నగా సహస్రతోనే. "పెళ్ళిచూపుల్లో నల్లి గురించి చెప్పారు కదా, ఆ తర్వాత నేను లైబ్రరీలో వెతుక్కుని చదివాను. మానేస్తున్నారంటే చాలా బాధేసింది. అడిగితే ఏమనుకుంటారోనని అడగలేదు." పచ్చ.

మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి. ఈసారి అందరూ గుండెల నిండా నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. మా తమ్ముడు సోమయాజులుగార్ని కావలించుకుని, "చూశావా అక్కయ్యా, అసలు గొడవే లేదు!" అన్నాడు. ఒక మాటకి ఠక్కున ఒప్పేసుకున్నందుకు ఇనపత్తయ్యని గోదాట్లో పారేయమన్న పెద్దమనిషి వీడే. పోనీలే అని ఊరుకున్నాను. పిల్ల ఉద్యోగం నిలబడింది, అది చాలు నాకు.

"అయితే ఇంకేం తల్లీ! పదహారు రోజుల పండగ కాగానే శుభ్రంగా వెళ్ళి నీ సీట్లో నువ్వు కూర్చో. మా వాడు రోజూ దింపుతాడు" అన్నారు సోమయాజులుగారు.

సహస్ర తల అడ్డంగా ఊపింది.

"ఏమే, ఇంకా ఏంటి?" అన్నాను.

"సీటు లేదత్తయ్యా" అంది.

"లేకపోవడమేంటే?"

"తాంబూలాల మర్నాడే రాజీనామా ఇచ్చేశాను. నెల ముందు చెప్పాలి కదా. మా ఆఫీసరుగారు 'ఆలోచించుకున్నావా' అని ఒక్కసారి అడిగారు. అవునన్నాను. 'మంచిది' అని సంతకం పెట్టేశారు."

"మరి సెలవు పెట్టానన్నావు?"

"నాన్న అంత సంతోషంగా ఉన్నారు, పెళ్ళిలోపు ఎందుకులే అని..."

మా తమ్ముడు సోమయాజులుగార్ని వదిలేసి కూతురి వంక తిరిగాడు. నేను మాత్రం పట్టు వదల్లేదు. "రేపు పెళ్ళి కానీ, ఎల్లుండి నేనే వస్తాను. మీ ఆఫీసరుని నేనడుగుతాను, కావలిస్తే మూడుసార్లు అడుగుతాను, ముప్ఫైసార్లు అడుగుతాను" అన్నాను.

సహస్ర నా ఎంగిలి చెయ్యి పట్టుకుంది.

"కొత్తమ్మాయి చేరిపోయిందత్తయ్యా. జంగారెడ్డిగూడెం నుంచి వచ్చింది, మంచి పిల్ల. పాపం, నల్లి ఎలా పట్టుకోవాలో తెలీట్లేదట, ఒక్కసారి వచ్చి నేర్పి వెళ్ళమని కబురు పెట్టింది. మొన్న నేనే వెళ్ళి, నా స్టూలు మీద కూర్చోబెట్టి, మైక్రోస్కోపులో అన్నీ చూపించి వచ్చాను. అంత మర్యాదగా అడిగితే కాదనలేకపోయాను."